వేసవిలో బయోఫీడ్‌బ్యాక్: వేలి ఉష్ణోగ్రత కదలదు, జీఎస్‌ఆర్ దిగదు. ఏం మార్చాలి?

పర్లాకిమిడి_కౌన్సెలర్:

నమస్తే అండి. ఆందోళన, పరీక్షల భయం, నిద్ర పట్టకపోవడం లాంటి ఇబ్బందులతో వచ్చేవాళ్లకి బయోఫీడ్‌బ్యాక్ (ఒంట్లో మార్పుల్ని మీటరులో చూసుకుంటూ మనసు కుదుటపరచుకునే శిక్షణ) నేర్పే ఒక చిన్న గది గురించి ఈ ప్రశ్న. గదిలో ఏసీ లేదు, సీలింగ్ ఫ్యాన్ ఒక్కటే. కరెంటు పోతే ఇన్వర్టర్ ఉంది. వాడుతున్న పరికరాలు మూడు. 10కే థర్మిస్టర్‌తో (వేడిని బట్టి నిరోధం మారే సెన్సారు) ఆర్డునో అనే చిన్న సర్క్యూట్ బోర్డు మీద కట్టిన వేలి ఉష్ణోగ్రత మీటరు, రెండు వేళ్లకి పట్టీలు చుట్టి, చెమటని బట్టి చర్మం విద్యుత్తుని ఎంత పోనిస్తోందో చూపే జీఎస్‌ఆర్ మాడ్యూలు, వేలి క్లిప్పు పెట్టుకుంటే గుండె లయ చూపించే ఫోన్ యాప్.

డిసెంబరు, జనవరిలో వేలి ఉష్ణోగ్రత 27 దగ్గర మొదలై, మనిషి కుదుటపడేకొద్దీ పావుగంటలో 33 దాటేది. ఏప్రిల్ వచ్చాక మనిషి కుర్చీలో కూర్చోగానే 35.5 చూపిస్తోంది, ఇక కదలడం లేదు. జీఎస్‌ఆర్ గీత మొదటి నుంచి చివరిదాకా ఎక్కుతూనే ఉంటోంది. యాప్‌లో ఆర్‌ఎమ్‌ఎస్‌ఎస్‌డీ (గుండె స్పందనల మధ్య వ్యవధి ఎంత మారుతోందో మిల్లీసెకన్లలో చెప్పే అంకె) ఒకే మనిషికి నిన్న 30, ఇవాళ 97. ఇది కాక, నిమిషానికి 6 శ్వాసలు చేయిస్తుంటే కొందరికి తల తిరగడం, వేళ్లు తిమ్మిరెక్కడం కనిపిస్తోంది. ఇందులో ఏది పరికరం లోపం, ఏది వాతావరణం వల్ల, ఏది నేర్పే పద్ధతిలో తప్పు? విడివిడిగా చెప్పగలిగితే చాలా మేలు.

రాయగడ_ఫిజియో:

కౌన్సెలర్ గారూ, ఉష్ణోగ్రత సంగతి ముందు చెప్తాను. మీ మీటరు బాగానే ఉంది, గదే వేడిగా ఉంది.

వేలి ఉష్ణోగ్రత చూస్తున్నామంటే నిజానికి వేలి కొసకి ఎంత రక్తం వస్తోందో చూస్తున్నట్టు. మనిషి బిగుసుకుంటే సింపథెటిక్ (ఒత్తిడికి స్పందించే) నరాలు వేలి కొసల్లోని సన్న రక్తనాళాల్ని కుదిస్తాయి, వెచ్చని రక్తం తగ్గి వేలు చల్లబడుతుంది. మనసు నెమ్మదించాక నాళాలు విప్పుకుని వేలు వెచ్చబడుతుంది. ఈ లెక్కంతా గది 22 నుంచి 25 డిగ్రీల మధ్య ఉంటేనే నడుస్తుంది. ఒంట్లో వేడిని బయటికి వదిలే దారులు కూడా ఆ వేలి కొసల్లోనే ఉన్నాయి కదా, గది 34కి చేరాక శరీరం ఆ నాళాల్ని ముందే పూర్తిగా తెరిచేస్తుంది. అప్పుడు భయపడ్డా 35.5, హాయిగా ఉన్నా 35.5. పైకి పోవడానికి చోటే లేదు.

ఈ శిక్షణలో మామూలుగా పెట్టుకునే గురి 95 ఫారెన్‌హీట్, అంటే 35 డిగ్రీలు. మే నెలలో మీ దగ్గరికి వచ్చిన మనిషి ఏమీ నేర్చుకోకుండానే ఆ గురి కొట్టేస్తాడు. "నాకు వచ్చేసింది" అనుకుని ఇంటికి పోతాడు, పరీక్ష హాల్లో గుండె దడదడలాడితే "ఈ పద్ధతి పని చేయదు" అంటాడు. రీడింగు రాకపోవడం కన్నా ఇదే పెద్ద నష్టం. అందుకే నా మాట: గోడకి ఒక మామూలు థర్మామీటరు తగిలించండి. గది 28 దాటితే వేలి ఉష్ణోగ్రత శిక్షణ ఆ రోజుకి పక్కన పెట్టండి. మన దక్షిణ ఒడిశా వైపు నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా అది బంగారం లాంటి పరికరం, మిగతా నెలల్లో మోసం చేస్తుంది.

చలికాలంలో వాడేటప్పుడు కూడా కొన్ని పొరపాట్లు జరుగుతుంటాయి. టేపుని వేలి చుట్టూ ఉంగరంలా చుట్టకండి, రక్తం ఆగుతుంది. చూపుడు వేలి కొస మెత్తని వైపు సెన్సారు పెట్టి, మైక్రోపోర్ టేపు నిలువుగా అంటించండి. తీగ మొదటి 5 సెంటీమీటర్లు కూడా వేలి మీదే పడుకునేలా అంటించాలి, లేదంటే తీగే వేడిని లాక్కుపోతుంది. ఫ్యాన్ గాలి నేరుగా చేతి మీద పడకూడదు. బయటి నుంచి వచ్చిన మనిషిని 10 నిమిషాలు ఊరికే కూర్చోబెట్టాకే రీడింగు మొదలుపెట్టండి. వచ్చే ముందు అరగంటలో బీడీ, ఖైనీ, గుట్కా ఏది వేసుకున్నా నికోటిన్ నాళాల్ని కుదిస్తుంది, మనిషి ఎంత నెమ్మదిగా ఉన్నా వేలు చల్లగానే ఉంటుంది. ఈ ప్రశ్న మొహమాటం లేకుండా అడగాలి.

జయపురం_సైకాలజీ:

రాయగడ గారి మాటతో దాదాపు ఏకీభవిస్తాను, ఒక్క చిన్న తేడా. కొండ మీద ఉన్న కోరాపుట్, సెమిలిగుడ వైపు వేసవిలో కూడా పొద్దున్న పూట గది చల్లగానే ఉంటుంది, అక్కడ ఉదయం సెషన్లకి వేలి ఉష్ణోగ్రత వాడొచ్చు. కాబట్టి నెల చూసి కాదు, గోడ మీది థర్మామీటరు చూసి తేల్చుకోండి. పర్లాకిమిడికి, గుణుపురానికి మాత్రం ఆయన చెప్పిందే సరి.

జీఎస్‌ఆర్‌లో కూడా ఇదే తంతు. అరచేతి చెమట ముఖ్యంగా మనసు కదలికకి పుడుతుంది. కానీ ఉక్కపోతలో ఒంటి చెమటా దానికి తోడవుతుంది, పట్టీ కింద తేమ పేరుకుంటుంది, గీత ఎక్కుతూ పోతుంది. ఆ ఎత్తుని చూసి "నీ ఒత్తిడి పెరుగుతోంది" అని ఎవరికీ చెప్పకండి. వేసవిలో గీత ఎత్తు వదిలేసి, చిన్న చిన్న అలల్ని చూడండి. చప్పట్లు కొడితే 1 నుంచి 3 సెకన్లలో ఒక అల లేవాలి. అది ఎంత ఎత్తు లేచింది, సగానికి దిగడానికి ఎన్ని సెకన్లు పట్టింది అన్నవి పనికొచ్చే కొలతలు. శిక్షణ బాగా సాగుతుంటే అల లేవడం పూర్తిగా ఆగిపోదు, దిగడం త్వరగా అవుతుంది. ఆందోళన ఉన్నవాళ్లకి ఈ మాట ముందే చెప్పాలి. ఉలికిపాటు రాకూడదని కాదు మనం నేర్పేది, వచ్చాక తొందరగా తేరుకోవడం.

పట్టీలు సరిగా తగిలాయో లేదో తెలుసుకోవడానికి సులువైన పరీక్ష ఒకటుంది. ఒక్కసారి గబుక్కున లోతుగా గాలి పీల్చమనండి. మూడు సెకన్లలో అల లేవకపోతే పట్టీ వదులు అయినా అయి ఉండాలి, లేదా వేలి చర్మం కాయలు కాచి గట్టిపడి అయినా ఉండాలి. పొలం పని చేసే చేతులకి ఇది మామూలే. అప్పుడు కొస వదిలేసి వేలి మధ్య కణుపు మీద పెట్టండి. చేతులు గోరువెచ్చని నీళ్లతో కడిగి తుడిస్తే చాలు, స్పిరిట్‌తో తుడవొద్దు. ఈసీజీ జెల్ కూడా రాయొద్దు, అందులో ఉప్పు ఎక్కువ, రీడింగు ఊరికే పెరిగిపోతుంది.

తల తిరగడం మాత్రం వాతావరణం వల్లా కాదు, పరికరం వల్లా కాదు. దాని గురించి కింద విడిగా రాస్తాను, అది అన్నిటికన్నా ముఖ్యం.

బరంపురం_సర్క్యూట్:

30 ఎలా 97 అయిందో లెక్క వేసి చూద్దాం. రెండు నిమిషాల రికార్డింగు, నాడి 75 అనుకోండి. సుమారు 150 స్పందనలు, ఒక్కోదానికి మధ్య 800 మిల్లీసెకన్లు. పక్కపక్క వ్యవధుల తేడా తలా 30 ఉంటే ఆర్‌ఎమ్‌ఎస్‌ఎస్‌డీ 30. ఇప్పుడు వేలు కాస్త కదిలి క్లిప్పు ఒకే ఒక్క స్పందనని వదిలేసిందనుకుందాం. 800 ఉండాల్సిన చోట 1600 వస్తుంది. అంటే పైకి ఎక్కేటప్పుడు 800, దిగేటప్పుడు 800, రెండు పెద్ద తేడాలు. వర్గాలు వేసి కూడితే మామూలు తేడాల మొత్తం 1,35,000, ఈ రెండింటి మొత్తమే 12,80,000. సగటు తీసి వర్గమూలం కట్టండి, 97 వస్తుంది. ఒక్క తప్పిన స్పందన! మీ మనిషి మారలేదు, క్లిప్పు జారింది.

అందుకే వ్యవధుల గీతని కంటితో చూడకుండా ఆ అంకెని నమ్మకూడదు. సూదిలా పైకి లేచిన గీత కనిపిస్తే ఆ భాగం కోసేయండి, లేదా ఆ రికార్డింగే వదిలేయండి. వేలి క్లిప్పు బదులు ఛాతీ పట్టీ వాడితే ఈ బాధ చాలా తగ్గుతుంది. పోలార్ హెచ్10 లాంటివి గుండె విద్యుత్తునే చదివి, స్పందనకీ స్పందనకీ మధ్య వ్యవధిని బ్లూటూత్‌లో పంపిస్తాయి. పట్టీ వెనక ఉన్న ఎలక్ట్రోడ్ భాగాన్ని నీళ్లతో తడపాలి, పొడిగా పెడితే మొదటి ఐదు నిమిషాలూ చెత్త వస్తుంది. వాడాక మంచినీళ్లతో కడిగి ఆరబెట్టాలి, మన సముద్రం గాలికి, చెమట ఉప్పుకి పట్టీలు త్వరగా పోతాయి. ఆడవాళ్లు ఛాతీ పట్టీకి ఇబ్బంది పడితే చెవి తమ్మెకి పెట్టే క్లిప్పు వాడండి, వేలి కన్నా కదలిక తక్కువ.

థర్మిస్టర్ గురించి ఒక మాట. ఆర్డునో ఊనోలో 10 బిట్ల ఏడీసీ (వోల్టేజీని అంకెగా మార్చే భాగం) ఉంటుంది. 10కే థర్మిస్టర్‌కి 10కే రెసిస్టర్ జోడించి 5 వోల్టులు ఇస్తే, వేలి ఉష్ణోగ్రత దగ్గర డిగ్రీకి సుమారు 10 మెట్లు మాత్రమే వస్తాయి. అంటే డిగ్రీలో పదో వంతు కన్నా చిన్న మార్పు మీటరుకి కనపడదు. నేర్చుకునే మనిషికి ఆ చిన్న మార్పే ఊతం. ఏడీఎస్1115 అనే 16 బిట్ల చిప్పు బోర్డు ఒకటి మధ్యలో పెట్టండి, డిగ్రీలో నూరో వంతు కూడా కదులుతూ కనిపిస్తుంది. స్టీలు గొట్టంలో వచ్చే డీఎస్18బీ20 సెన్సారు మాత్రం వద్దు. గొట్టమే వేడెక్కాలి కాబట్టి అది మరీ నిదానం.

ఇక భద్రత. ఇది దయచేసి ఎవరూ తేలిగ్గా తీసుకోకండి. ఒంటికి ఎలక్ట్రోడ్లు తగిలి ఉన్నప్పుడు ఆ సర్క్యూట్‌కీ గోడ ప్లగ్గుకీ మధ్య తీగ సంబంధం ఉండకూడదు. ల్యాప్‌టాప్‌కి ఆర్డునో కలిపి, ల్యాప్‌టాప్‌ని ఛార్జింగ్‌లో పెట్టి జీఎస్‌ఆర్ పట్టీలు కడుతున్నారంటే, ఆ అడాప్టర్ లోపలి ఇన్సులేషన్ ఒక్కటే మనిషికి కాపలా. చౌక అడాప్టర్లలో ఆ కాపలాని నమ్మలేం. అడాప్టర్ పీకేసి బ్యాటరీ మీద నడపండి, ఇంకా మంచిది పవర్‌బ్యాంకు పెట్టి హెచ్‌సీ-05 బ్లూటూత్ మాడ్యూలుతో ఫోన్‌కి పంపించడం. ఇలా చేస్తే గీతలో సన్నగా వణికే 50 హెర్ట్జ్ రొద కూడా పోతుంది.

జయపురం_సైకాలజీ:

తల తిరగడం, తిమ్మిరి. దీనికి కారణం "లోతుగా పీల్చండి" అనే మాట. నెమ్మదిగా పీల్చమంటే చాలామంది గుండె నిండా పీలుస్తారు.

లెక్క చూడండి. మామూలుగా కూర్చున్న మనిషి నిమిషానికి 13 సార్లు, సారికి అర లీటరు చొప్పున పీలుస్తాడు. మొత్తం ఆరున్నర లీటర్లు. నిమిషానికి 6 సార్లకి దించినప్పుడు సారికి సుమారు లీటరైతే సరిపోతుంది. రెండు లీటర్లు లాగాడంటే నిమిషానికి 12 లీటర్లు, అవసరానికి రెట్టింపు. రక్తంలో కార్బన్ డయాక్సైడు పడిపోతుంది, మెదడు నాళాలు కుదించుకుంటాయి, తల తేలిపోతుంది, వేళ్లు, పెదవులు తిమ్మిరెక్కుతాయి. పానిక్ వచ్చే మనిషికి ఇవి అచ్చం ఆ దాడి లక్షణాలే. మందు అనుకుని ఇచ్చింది జబ్బులా కనిపిస్తుంది, మళ్లీ మీ గది గుమ్మం తొక్కడు.

కాబట్టి చెప్పాల్సిన మాట: "నెమ్మదిగా, కానీ కొంచెమే. పక్కవాళ్లకి వినపడనంత." ముక్కుతో లోపలికి, సన్నగా ముడిచిన పెదవులతో బయటికి. కడుపు మీద చెయ్యి పెట్టుకుంటే చెయ్యి కదలాలి, భుజాలు లేవకూడదు. తిమ్మిరి మొదలైతే ఆపేసి, మామూలుగా రెండు నిమిషాలు ఊపిరి తీసుకోనివ్వండి, తర్వాత ఇంకా చిన్న శ్వాసలతో మొదలెట్టండి. పానిక్ ఉన్నవాళ్లకి మొదటి రోజు 3 నిమిషాలు చాలు, అదీ కళ్లు తెరిచి. కొందరికి ఒళ్లు వదులవుతుంటేనే భయం వేస్తుంది, బలవంతం చేయకూడదు.

ఇంకోటి, అందరికీ 6 సరిపడదు. గుండె వేగం, బీపీ ఒకదాన్నొకటి సర్దుకునే చక్రం సుమారు 10 సెకన్లది, కానీ మనిషి మనిషికీ కాస్త తేడా. పెద్దవాళ్లలో అది నిమిషానికి నాలుగున్నర నుంచి ఆరున్నర శ్వాసల మధ్య ఎక్కడైనా పడొచ్చు. ఆరున్నర, 6, ఐదున్నర, 5, నాలుగున్నర, ఒక్కోటి రెండేసి నిమిషాలు చేయించి, మధ్యలో విశ్రాంతి ఇచ్చి రికార్డు చేయండి. 6 అయితే 4 సెకన్లు లోపలికి, 6 బయటికి. 5 అయితే 5 లోపలికి, 7 బయటికి. పీల్చినప్పుడు నాడి పెరిగి, వదిలినప్పుడు తగ్గడం కనిపిస్తుంది. ఉదాహరణకి 6 దగ్గర 70కీ 80కీ మధ్య ఊగి, ఐదున్నర దగ్గర 68కీ 84కీ మధ్య నున్నగా ఊగిందంటే, ఆయన సంఖ్య ఐదున్నర. ఊపు ఎక్కువ ఉండటమే కాదు, గీత అల లాగా నునుపుగా ఉండాలి, మనిషికి ఆయాసం అనిపించకూడదు. ఊపు కాస్త ఎక్కువ వచ్చినా నాలుగున్నర దగ్గర ఊపిరాడనట్టు ఉందంటే అది వద్దు.

ఆ సంఖ్య దొరికాక ఇంటి దగ్గర రోజుకి రెండు పూటలు 20 నిమిషాల చొప్పున చేయడం అసలు పద్ధతి. మన దగ్గర పని చేసుకునేవాళ్లకి అంత కుదరకపోతే 10 నిమిషాలైనా రోజూ చేయాలి. అన్నం తిన్న గంట దాకా వద్దు, వేసవిలో పఖాళ (నీళ్లలో నానబెట్టిన అన్నం) గిన్నె ఖాళీ చేసిన వెంటనే అసలే వద్దు. 2017లో వచ్చిన ఒక మెటా విశ్లేషణ ఈ రకం శిక్షణ మీద 24 అధ్యయనాలు, మొత్తం 484 మందిని కలిపి చూసింది. తమకి తాము చెప్పుకున్న ఒత్తిడి, ఆందోళన బాగా తగ్గినట్టు తేలింది. మంది తక్కువే, అయినా మూడు పరికరాల్లో ఏసీ లేని గదికి ముందు నిలబెట్టాల్సింది ఈ గుండె లయ శిక్షణే అని నా అభిప్రాయం. ఎండ పెద్దగా పాడుచేయలేని కొలత ఇది.

పర్లాకిమిడి_కౌన్సెలర్:

ఎంతో వివరంగా చెప్పారు, అందరికీ కృతజ్ఞతలు. "లోతుగా పీల్చండి" అనే చెబుతున్నాం, ఇవాళే మారుస్తాం. ఇంకొకటి. వచ్చేవాళ్లలో తెలుగువాళ్లు, ఒడియావాళ్లు, సవరలు కూడా ఉంటారు. నోటితో లెక్కపెట్టిస్తుంటే ఒక్కొక్కరిది ఒక్కో వేగం. కొందరికి స్క్రీన్ చూసి చేయడం అలవాటు లేదు. ఏం చేస్తే బాగుంటుంది?

జయపురం_సైకాలజీ:

నోటి లెక్క మానేయండి మేడమ్. "ఒకటి"కి మూడక్షరాలు, "రెండు"కి రెండు, "నాలుగు"కి మళ్లీ మూడు. మనసులో అనుకున్నా ఆ పొడవు తేడా శ్వాసలోకి వచ్చేస్తుంది. ఒడియాలో "ఎకొ, దుయి, తిని" వేరే నడక. భయంలో ఉన్న మనిషి అంకెల్ని తరుముతాడు కూడా.

జపం అలవాటున్నవాళ్లకి వేరే దారి ఉంది. 2001లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో ఇటలీ పరిశోధకులు చూపించారు: లాటిన్‌లో రోజరీ ప్రార్థన, "ఓం మణి పద్మే హుం" మంత్రం, రెండూ శ్వాసని నిమిషానికి సుమారు 6కి తెస్తున్నాయి. మీ గజపతి జిల్లాలోనే చంద్రగిరి టిబెటన్ల దగ్గర ఆ మంత్రం రోజూ వినిపిస్తుంది, చర్చికి వెళ్లేవాళ్లూ ఎక్కువ. అలవాటున్న ప్రార్థనని శ్వాసకి సరిపడా సాగదీసి అనమనండి. కానీ స్టాప్‌వాచీ పెట్టి ఒక నిమిషంలో ఎన్ని శ్వాసలు పడుతున్నాయో లెక్కించాకే సరే అనాలి, ప్రతి ప్రార్థనా 6కి రాదు.

గుణుపురం_డాక్టర్:

పరికరం కట్టే ముందు చూడాల్సినవి కొన్ని. గుండె దడ అని వచ్చిన ప్రతి మనిషిదీ ఆందోళన కాదు. హిమోగ్లోబిన్, టీఎస్‌హెచ్ (థైరాయిడ్) పరీక్షలు ముందు చేయించండి. మన ప్రాంతంలో రక్తహీనత, సికిల్ సెల్ తక్కువేం కాదు, దడ అక్కడి నుంచీ వస్తుంది. కూర్చున్నప్పుడే నాడి 120 దాటినా, గతి తప్పినా, ఛాతీ నొప్పి, స్పృహ తప్పడం ఉన్నా ముందు ఈసీజీ. పేస్‌మేకర్ ఉన్నవాళ్లకి, ఏట్రియల్ ఫిబ్రిలేషన్ (గుండె లయ గతి తప్పే జబ్బు) ఉన్నవాళ్లకి హెచ్‌ఆర్‌వీ (గుండె లయలో మార్పు) అంకెలకి అర్థం లేదు. గుండె వేగాన్ని తగ్గించే ప్రొప్రానొలాల్ లాంటి మందులు వాడేవాళ్ల అంకెల్ని వేరేవాళ్లతో పోల్చకండి, వాళ్ల పాత రికార్డుతోనే పోల్చండి. బీపీ, షుగరు మందులు వాడేవాళ్లు శిక్షణ మొదలయ్యాక వాటిని తరచుగా చూపించుకోవాలి, మోతాదు తగ్గించేది డాక్టరే. ఆందోళనకిచ్చే క్లోనజెపామ్ లాంటి మందులు "ఊపిరితో నయమైపోతోంది" అని ఒక్కసారిగా మానేస్తే ఫిట్స్ రావచ్చు, ఈ మాట గోడ మీద రాసి పెట్టండి.

చనిపోవాలన్న ఆలోచన ఒక్కసారి బయటపడినా ఆ రోజు మీటర్లన్నీ పక్కన పెట్టి మాట్లాడాలి, ఒంటరిగా పంపకూడదు. ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ నంబరు 14416, తెలుగులోనూ ఒడియాలోనూ మాట్లాడతారు. మానసిక వైద్యులకి చూపించాలంటే మీకు బరంపురం ఎమ్‌కేసీజీ మెడికల్ కాలేజీ దగ్గర, కోరాపుట్ వైపు వాళ్లకి శహీద్ లక్ష్మణ్ నాయక్ మెడికల్ కాలేజీ.

బరంపురం_సర్క్యూట్:

స్క్రీన్ లేకుండా, భాషతో పని లేకుండా శ్వాసకి తాళం కావాలంటే శబ్దం తయారు చేసుకోండి. ఉచితంగా దొరికే ఆడాసిటీ అనే సౌండ్ ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్‌లో, జెనరేట్ మెనూలో చర్ప్ (ఎక్కే, దిగే స్వరం) ఉంటుంది. 220 హెర్ట్జ్ నుంచి 330కి ఎక్కేలా 4 సెకన్లు, దాని వెనకే 330 నుంచి 220కి దిగేలా 6 సెకన్లు. శబ్దం ఎక్కుతుంటే పీల్చడం, దిగుతుంటే వదలడం. వాల్యూమ్ విలువ 0.2 దగ్గర పెట్టండి, ఎక్కువైతే చెవికి మొట్టినట్టుంటుంది. రెండు ముక్కలూ కలిపి సెలెక్ట్ చేసి, ఎఫెక్ట్ మెనూలో రిపీట్ 119 ఇవ్వండి. మొత్తం 120 శ్వాసలు, సరిగ్గా 20 నిమిషాలు. ముక్కల మధ్య టిక్కుమని చప్పుడు వస్తే ఒక్కో ముక్క చివర్లలో 50 మిల్లీసెకన్ల ఫేడ్ ఇన్, ఫేడ్ అవుట్ చేశాక రిపీట్ కొట్టండి. ఐదున్నర శ్వాసల వాళ్లకి 4.4, 6.5 సెకన్లతో ఇంకో ఫైలు, 5 వాళ్లకి 5, 7 సెకన్లతో ఇంకోటి. ఎంపీ3గా మార్చి వాళ్ల ఫోన్లోకి ఎక్కించేస్తే చాలు, చిన్న కీప్యాడ్ ఫోన్‌లో మెమరీ కార్డు ఉన్నా మోగుతుంది, నెట్ లేని ఊళ్లో కూడా.